సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో లెక్కలు చెబుతాను. పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కథలు రాయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మొన్న ఒక పత్రికలో నా కథ వచ్చింది. పరీక్ష తప్పిన పిల్లలకు ఇంటర్నల్ మార్కులు వేయమని లెక్చరర్‌ని ఒత్తిడి చేసే యాజమాన్యం అందులో ఉంది. మా ప్రిన్సిపాల్‌గారు పిలిచి "ఇది ఎవరి గురించి రాశావమ్మా?" అని అడిగారు. "ఎవరి గురించీ కాదు సార్, కల్పితం" అన్నాను. వారం తిరక్కుండా ఒక కాగితం ఇచ్చారు. ముందస్తు అనుమతి లేకుండా ఇకపై ఏ రచననూ ఎక్కడా ప్రచురించనని సంతకం పెట్టాలట. మావారు "పెట్టేయ్, ఇంటి లోను ఉంది, పాప స్కూలు ఫీజు ఉంది" అంటున్నారు. మా గైడ్‌గారేమో చాండ్లర్ డేవిస్ అనే అమెరికన్ గణితవేత్త పేరు చెప్పి, "ఆయనలా నిలబడు" అన్నారు. ఆయన గురించి కొంచెం వెతికితే ఉద్యోగం పోయి, జైలుకు కూడా వెళ్లారని తెలిసింది. అప్పట్నుంచి టెన్షన్ ఇంకా పెరిగింది. ఆయన జీవితంలో నాకు పనికొచ్చేది ఏమైనా ఉందా? సంతకం పెట్టనా, మాననా?
(పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: ముందు సూటిగా చెబుతాను. ఆ కాగితం మీద, వాళ్లు రాసిన మాటలు అలాగే ఉండగా సంతకం పెట్టకండి. కోపంలో రాజీనామా కూడా ఇవ్వకండి. ఈ రెండింటికీ మధ్య చేయాల్సిన పని చాలా ఉంది. దాని గురించి చెప్పే ముందు డేవిస్ గురించి చెప్పాలి. ఎందుకంటే మీ గైడ్‌గారు మీకు ఆ కథలో సగమే చెప్పినట్టున్నారు. మీ పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఎక్కువ అవసరమైంది రెండో సగం.

చాండ్లర్ డేవిస్ 1926లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ వామపక్షవాదులు, తండ్రి హొరేస్ డేవిస్ ఆర్థికశాస్త్రం చెప్పేవారు. డేవిస్ హార్వర్డ్‌లో చదివి, గారెట్ బిర్కాఫ్ దగ్గర పరిశోధన చేసి 1950లో డాక్టరేట్ తీసుకున్నారు. అప్పటికే ఆయన కథా రచయిత. ఇరవై ఏళ్లు నిండకముందే, 1946 మే నెలలో, ఆనాటి ప్రసిద్ధ సైన్స్ ఫిక్షన్ పత్రిక ‘అస్టౌండింగ్’లో ఆయన తొలి కథ ‘ది నైట్‌మేర్’ వచ్చింది. హిరోషిమా మీద బాంబు పడి ఏడాది కూడా కాలేదు. అణుబాంబును దొంగచాటుగా ఒక నగరంలోకి తెస్తే ఏమవుతుందన్నది ఆ కథ. తర్వాత 1950లలో రాసిన ‘ఇట్ వాక్స్ ఇన్ బ్యూటీ’ అనే కథలో, ఉద్యోగం చేసే ఆడవాళ్లను ఆడవాళ్లుగా లెక్కించని ఒక సమాజాన్ని చూపించారు. వీలైతే వెతికి చదవండి, మీకు నచ్చుతుంది. గణితం ఒక గదిలో, రచన ఇంకో గదిలో పెట్టుకుని తలుపు వేసుకున్న మనిషి కాదాయన. ఒక మాటను ఊహగా తీసుకుని అది ఎక్కడికి దారితీస్తుందో చివరిదాకా వెంట వెళ్లడం ఆయన పద్ధతి. ఏ పని చేసినా అంతే.

మీకు వచ్చిన కాగితానికి దగ్గరగా ఉండే సంఘటన ఆయన జీవితంలో మొదట్లోనే ఉంది. చదువు పూర్తయ్యే సమయానికి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అక్కడి పాలకమండలి, తాను కమ్యూనిస్టును కానని ప్రతి అధ్యాపకుడూ సంతకం చేయాలని పట్టుబట్టింది. డేవిస్ ఆ ఉద్యోగం వదులుకున్నారు. సభలు లేవు, ప్రకటనలు లేవు. ఆ సంతకం పెట్టలేను అనుకున్నారు, మిషిగన్ విశ్వవిద్యాలయంలో దొరికిన ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయన వయసు 24. అదే కాలిఫోర్నియాలో అప్పటికే ఉద్యోగంలో ఉండి సంతకం పెట్టనన్నవాళ్లలో 31 మందిని 1950 ఆగస్టులో తీసేశారు. మనస్తత్వశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టోల్మన్ ముందుండగా వాళ్లలో కొందరు కలిసి కోర్టుకు వెళ్లారు. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి తీసుకోవాలని చెప్పింది. వాళ్లు కలిసి వెళ్లారన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

మిషిగన్‌లో అసలు కథ మొదలైంది. డేవిస్ భార్య నటాలీ జీమన్ చరిత్ర పరిశోధకురాలు. 1948లో పెళ్లయింది. 1952లో, కమ్యూనిస్టులని అనుమానం వచ్చినవాళ్లను పిలిచి విచారించే, అమెరికా ప్రతినిధుల సభకు చెందిన అన్-అమెరికన్ యాక్టివిటీస్ కమిటీ మిషిగన్‌కు రాబోతోందని తెలిసి, నటాలీ తన స్నేహితురాలితో కలిసి ‘ఆపరేషన్ మైండ్’ అనే కరపత్రం రాశారు. ఆ కమిటీ మనుషుల ఆలోచనల మీద దాడి చేస్తోందన్నది అందులోని వాదన. రచయితల పేర్లు వేయలేదు. ముద్రణ ఖర్చు చెల్లించింది మాత్రం డేవిస్. అధికారులు ఆ దారి పట్టుకుని వచ్చారు. ముందు భార్యాభర్తలిద్దరి పాస్‌పోర్టులు తీసుకుపోయారు. నటాలీ పరిశోధన 16వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో లియాన్ నగరపు అచ్చు కార్మికుల మీద. అక్కడి దస్తావేజులు చూడకుండా ఆ పని సాగదు. పాస్‌పోర్టు లేక ఏళ్ల తరబడి వెళ్లలేకపోయారు.

1954 మే 10న లాన్సింగ్ నగరంలో, కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడు కిట్ క్లార్డీ అధ్యక్షతన ఆ కమిటీ ముందు డేవిస్ నిలబడ్డారు. అదే విశ్వవిద్యాలయం నుంచి జీవశాస్త్రవేత్త క్లెమెంట్ మార్కర్ట్, ఔషధశాస్త్రవేత్త మార్క్ నికర్సన్ కూడా ఉన్నారు. మీరు కమ్యూనిస్టు పార్టీ సభ్యులా, ఎప్పుడైనా ఉన్నారా అన్నది ప్రశ్న. మిగతా ఇద్దరూ రాజ్యాంగంలోని ఐదో సవరణను అడ్డుపెట్టుకున్నారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే హక్కు అది. ఆ మాట అంటే జైలు భయం లేదు. డేవిస్ ఆ రక్షణ వద్దనుకున్నారు. మొదటి సవరణను, అంటే భావప్రకటన స్వేచ్ఛను చూపించి, ఈ ప్రశ్న అడిగే హక్కే మీకు లేదన్నారు. నాలుగేళ్ల ముందే ఇలా మొదటి సవరణను నమ్ముకున్న హాలీవుడ్ రచయితలు జైలుకు వెళ్లారు. ఆ సంగతి డేవిస్‌కు బాగా తెలుసు. కోర్టులు ఈ ప్రశ్నను నేరుగా తేల్చాలంటే ఎవరో ఒకరు ఐదో సవరణ గొడుగు లేకుండా వెళ్లాలని ముందే ఆలోచించుకుని వెళ్లారు.

ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. డేవిస్ చిన్న వయసులోనే పార్టీలో చేరారు, కానీ విచారణ నాటికే బయటికొచ్చేశారు. "ఒకప్పుడు ఉన్నాను, ఇప్పుడు లేను" అనేస్తే నిజమే చెప్పినట్టయ్యేది. బహుశా ఉద్యోగమూ మిగిలేదేమో. అయినా చెప్పలేదు. జవాబు చిన్నదే కావచ్చు, కానీ చెప్పిన మరుక్షణం అడిగినవాడికి అడిగే అధికారం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న "మీతో ఇంకెవరున్నారు?" అన్నదే.

మీ ప్రిన్సిపాల్‌గారి ప్రశ్న దగ్గరికి వద్దాం. "ఇది ఎవరి గురించి రాశావమ్మా?" అన్నారు. మీరు "కల్పితం" అని చెప్పడంలో తప్పులేదు. ఆ క్షణంలో ఎవరైనా అదే అంటారు. కానీ ఇకపై ఆ ప్రశ్నకు మీరు ఏ జవాబూ బాకీ లేరు. అవునని గానీ కాదని గానీ చెప్పనవసరం లేదు. కథలో పేర్లు లేవు, కళాశాల పేరు లేదు. అది ఎవరిని ఉద్దేశించిందో విప్పి చెప్పమనడం రచయితను అడగదగిన ప్రశ్న కాదు. ఒకసారి ఈ కథ వాళ్ల గురించి కాదని హామీ ఇస్తే, రేపు రాబోయే ప్రతి కథకూ ఆ హామీ ఇవ్వాల్సి వస్తుంది. "సార్, కథల గురించి నేను ఇలాంటి వివరణలు ఇవ్వను, నా తరగతుల గురించి ఏది అడిగినా చెబుతాను" అని మర్యాదగా అనండి. గొంతు పెంచాల్సిన పనిలేదు.

మీ గైడ్‌గారు చెప్పకుండా వదిలేసినట్టున్న సగం ఇప్పుడు చెబుతాను.

డేవిస్ ఉద్యోగం తీసింది కిట్ క్లార్డీ కాదు. ఆ కమిటీకి ఒక్క అధ్యాపకుడిని కూడా తీసేసే అధికారం లేదు. అది ప్రశ్నలు మాత్రమే అడిగింది. విచారణ జరిగిన రోజే ముగ్గురినీ సస్పెండ్ చేసింది విశ్వవిద్యాలయ అధ్యక్షుడు హార్లన్ హాచర్. తర్వాత విశ్వవిద్యాలయం తనే సొంతంగా విచారణ పెట్టింది. అదే ప్రశ్నలు ఈసారి సహోద్యోగులు అడిగారు. మార్కర్ట్, నికర్సన్ ఇద్దరూ వాళ్లకు జవాబు చెప్పారు. డేవిస్ అక్కడా చెప్పలేదు. కాంగ్రెస్ అడగకూడని ప్రశ్న విశ్వవిద్యాలయమూ అడగకూడదన్నారు. చివరికి డేవిస్‌నూ తీసేశారు, నికర్సన్‌నూ తీసేశారు. నికర్సన్ శాశ్వత ఉద్యోగి, అడిగినదానికి బదులిచ్చిన మనిషి. అయినా ఆయనకూ అదే జరిగింది. మార్కర్ట్‌ను మందలింపుతో ఉంచారు, కొంతకాలానికి ఆయనే వెళ్లిపోయారు. కిట్ క్లార్డీ సంగతంటారా, ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లోనే ఓడిపోయాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బయటి నుంచి వచ్చిన బెదిరింపు కొన్ని గంటల సేపు ఉంది. మనిషి బతుకు మార్చిన నిర్ణయం మాత్రం లోపలివాళ్లు తీసుకున్నారు. తోటి ఆచార్యులు కాగితాలు చదివారు, కమిటీల్లో కూర్చున్నారు, విశ్వవిద్యాలయానికి చెడ్డపేరు రాకూడదని ఆలోచించారు. వాళ్లంతా చెడ్డవాళ్లు కారు. చాలామందికి డేవిస్ మంచి గణితవేత్త అని తెలుసు. కానీ అకడమిక్ ఫ్రీడమ్ అని మనం గొప్పగా చెప్పుకునేది గోడ మీద రాసిన నినాదంలో ఉండదు. ఒకరిని పిలిపించిన రోజున పక్క గదిలో ఉన్నవాళ్లు ఏం చేస్తారన్నదే దాని బలం, దాని బలహీనత. ఆయన కూడా తర్వాత రాసినవాటిలో తోటి విద్యావేత్తలకు చెప్పింది ఇదే. అసమ్మతిని ఏదో సరదాగా, అప్పుడప్పుడూ వినిపించేదిగా సహించడం సరిపోదు, గట్టిగా, పట్టుదలగా మాట్లాడేవాళ్లను కూడా మీ మధ్య నిలుపుకోవాలి, బయటివాళ్లు లాక్కుపోతుంటే అడ్డుపడాలి అని.

అందుకే మీరు మొదట చూడాల్సింది మీ ధైర్యం ఎంత అని కాదు. మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరున్నారని.

ఆ తర్వాత డేవిస్ పడిన కష్టం ఉన్నదున్నట్టు చెబుతాను, తగ్గించను. కాంగ్రెస్ ధిక్కారం కేసు పెట్టారు. 1957లో దోషి అన్నారు, ఆరు నెలల శిక్ష వేశారు. అప్పీలు నడుస్తుండగా ఇలాంటిదే లాయిడ్ బారెన్‌బ్లాట్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆయన కూడా మిషిగన్‌లో చదువుకున్నవాడే. 1959 జూన్‌లో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పిచ్చారు, మొదటి సవరణ వాదన ఒక్క ఓటుతో ఓడింది. దాంతో డేవిస్ దారీ మూసుకుపోయింది. 1960లో కనెటికట్‌లోని డాన్‌బరీ ఫెడరల్ జైలుకు వెళ్లారు. ఇంటి దగ్గర ముగ్గురు చిన్న పిల్లలు.

ఈ మధ్యకాలంలో ఏ అమెరికా విశ్వవిద్యాలయమూ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. న్యూయార్క్‌లో ఒక ప్రకటనల సంస్థలో పనిచేశారు, సాయంత్రాలు పాఠాలు చెప్పారు, ఒక ఏడాది ఫెలోషిప్ మీద ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో గడిపారు, తర్వాత ‘మ్యాథమెటికల్ రివ్యూస్’ అనే పత్రికకు ప్రావిడెన్స్‌లో సంపాదకవర్గంలో పనిచేశారు. ఎక్కడ ఏ పనిలో ఉన్నా గణితం ఆపలేదు. జైల్లో ఉన్నప్పుడు కుంభాకార వక్రాల మీద చేసిన పని తర్వాత అచ్చయింది. దాని ఫుట్‌నోట్ గణితవేత్తల్లో ప్రసిద్ధం. ఈ పరిశోధనకు కొంతవరకు ఫెడరల్ జైళ్ల వ్యవస్థ తోడ్పడిందని, ఇందులోని అభిప్రాయాలు రచయితవే తప్ప జైళ్ల శాఖవి కానక్కర్లేదని ఆయన రాశారు.

1962లో కెనడా వెళ్లారు. టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధ జ్యామితివేత్త కాక్సెటర్ పూనుకుని ఆయనకు చోటు కల్పించారు. మిగిలిన జీవితమంతా అక్కడే. 2022 సెప్టెంబరులో, 96 ఏళ్ల వయసులో టొరంటోలో కన్నుమూశారు.

మీరు లెక్కల మనిషి కాబట్టి ఆయన పని గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. డేవిస్–కహాన్ సిద్ధాంతం మీ పీహెచ్‌డీలో ఎక్కడైనా తగిలే ఉంటుంది. విలియం కహాన్‌తో కలిసి 1970లో ప్రచురించారు. ఒక సౌష్ఠవ మాత్రిక ఉంది. అది దిశ మార్చకుండా సాగదీసే వెక్టర్లు ఐగెన్ వెక్టర్లు, ఎంత సాగదీస్తుందో చెప్పేవి ఐగెన్ విలువలు. దానికి కొంచెం కల్తీ కలిసింది. ఐగెన్ విలువలు ఎంత కదులుతాయో అంతకుముందే తెలుసు. కానీ ఐగెన్ వెక్టర్ల దిశ ఎంత తిరుగుతుంది? ఆ తిరిగిన కోణపు సైన్ విలువ, కలిసిన కల్తీ పరిమాణాన్ని విలువల మధ్య ఉన్న ఎడంతో భాగిస్తే వచ్చేదానికి మించదని స్థూలంగా ఆ సిద్ధాంతం చెబుతుంది. ఎడం పెద్దదిగా ఉంటే చిన్న చిన్న కల్తీలు దిశను పెద్దగా మార్చలేవు. ఎడం లేకపోతే ఏ కొంచెం కల్తీ అయినా దిశను ఎటైనా తిప్పేయగలదు. ఇవాళ డేటా మీద పనిచేసేవాళ్లు, నెట్‌వర్కుల్లో గుంపులు వెతికేవాళ్లు రోజూ వాడే ఫలితం ఇది. మన దేశంతోనూ ఆయనకు నిజమైన అనుబంధం ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన రాజేంద్ర భాటియాతో కలిసి 1980ల నుంచి చాలా పత్రాలు రాశారు. గరిష్ఠ, కనిష్ఠ విలువలు, సగటు తెలిస్తే విస్తృతి (వేరియన్స్) ఎంతకు మించదో చెప్పే భాటియా–డేవిస్ అసమానత 2000లో వచ్చింది. ఎమ్మెస్సీ పిల్లలకు ఒక్క పేజీలో నిరూపించి చూపించవచ్చు. మీ క్లాసులో చెప్పండి, చెప్పేటప్పుడు ఆయన ఎవరో కూడా చెప్పండి.

ఇంత చెప్పింది ఎందుకంటే, "ఉద్యోగం పోతే అంతా పోతుంది" అన్న భయం మీ ఉత్తరం నిండా కనిపించింది. డేవిస్‌కు పోయింది చాలా ఉంది. పదేళ్లకు దగ్గరగా స్థిరమైన విశ్వవిద్యాలయ ఉద్యోగం లేదు. సొంత దేశంలో మళ్లీ శాశ్వత ఉద్యోగం రాలేదు. కానీ ఆయన చేతిలో ఉన్న పని పోలేదు. పేరు నిలిచిన గణితం చాలావరకు ఆ దెబ్బ తర్వాతదే. 1991 నుంచి 2004 దాకా ‘మ్యాథమెటికల్ ఇంటెలిజెన్సర్’ పత్రికకు ప్రధాన సంపాదకుడిగా ఉన్నారు. ఏ రోజైనా మీ పీహెచ్‌డీ పక్కన పెట్టాలనిపిస్తే ఈ సంగతి గుర్తుచేసుకోండి. మీ స్వేచ్ఛకు అందులో చాలా భాగం ఉంది. ఇంకో చోట ఉద్యోగం ఇప్పించేది అదే.

మీ వారి మాటకు వద్దాం. ఆయనను పిరికివాడిగా చూడకండి. లోను నిజం, పాప ఫీజు నిజం. డేవిస్ ఇంట్లో ఆ ఖర్చును సగం మోసింది నటాలీ. ఆమె పాస్‌పోర్టు పోయింది, పరిశోధన కుంటుపడింది, భర్త జైల్లో ఉంటే పిల్లలను చూసుకుంది. విదేశాలకు వెళ్లలేక అమెరికా గ్రంథాలయాల్లో ఉన్న పాత ముద్రిత గ్రంథాల మీద ఆధారపడి పని కొనసాగించింది. 1959లో డాక్టరేట్ తీసుకుంది. తర్వాత ఆమె ఆ తరం చరిత్రకారుల్లో అగ్రశ్రేణిలో నిలిచింది. ‘ది రిటర్న్ ఆఫ్ మార్టిన్ గెర్’ రాసింది ఆమే. భర్త కన్నుమూసిన మరుసటి ఏడాది, 2023లో ఆమె కూడా వెళ్లిపోయింది. అయితే నటాలీ ఈ పోరాటంలో తన ఇష్టంతో ఉంది, కరపత్రం రాసిందే ఆమె. నిర్ణయం ఇద్దరిదీ. మీ ఇంట్లో ఆ మాట ఇంకా జరగలేదని నాకనిపిస్తోంది. మీ వారు "పెట్టేయ్" అన్నారు, మీరు మౌనంగా ఉన్నారు. ఒక రాత్రి పాప పడుకున్నాక కూర్చుని లెక్క వేయండి. మీ జీతం ఆగితే ఎన్ని నెలలు గడుస్తుంది? దగ్గరలో ఇంకే కళాశాలల్లో ఖాళీలున్నాయి? ఏ మాట దాకా మీరు ఒప్పుకోగలరు, ఏ మాట దగ్గర ఆగిపోతారు? ఆ అంకెలు ఆయన ముందు ఉంటే ఆయన మాట కూడా మారొచ్చు. మారకపోయినా, మీరు ఒంటరిగా దూకినట్టు ఉండదు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి.

మొదట అది ఎవరి పేరున వచ్చింది, ఏ నిబంధన కింద వచ్చింది అని లిఖితపూర్వకంగా అడగండి. మీ నియామక పత్రం తీసి చదవండి. ప్రచురణల గురించి అందులో ఏమైనా ఉందా? లేకపోతే ఇది కొత్త షరతు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) భావప్రకటన స్వేచ్ఛ మనందరికీ ఉంది. కానీ అది ప్రధానంగా ప్రభుత్వం నుంచి రక్షణ. ప్రైవేటు యాజమాన్యం మీద నేరుగా ఎంతవరకు పనికొస్తుందో, ఉద్యోగుల విషయంలో ఏ చట్టాలు వర్తిస్తాయో సర్వీసు కేసులు చూసే న్యాయవాదిని ఒకసారి కలిసి తెలుసుకోండి. ఇందులో డేవిస్‌ను అనుకరించకండి. ఆయన తన దగ్గరున్న రక్షణను కావాలని పక్కన పెట్టారు, ఎందుకు పెడుతున్నారో తెలిసి పెట్టారు. మీకు అలాంటి పరీక్ష కేసు నడపాల్సిన బాధ్యత లేదు. మీకున్న ప్రతి రక్షణనూ వాడుకోండి. అందులో చిన్నతనం లేదు. ఐదో సవరణ వాడుకున్న మార్కర్ట్, నికర్సన్ కూడా గౌరవంగా నిలబడ్డ మనుషులే.

తర్వాత, వాళ్ల కాగితం బదులు మీ కాగితం ఒకటి ఇవ్వండి. కళాశాల నిజంగా కాపాడుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. విద్యార్థుల వ్యక్తిగత వివరాలు, ప్రశ్నపత్రాలు, లోపలి సమావేశాల కాగితాలు. వీటిని బయటపెట్టనని, రచనల కింద కళాశాల పేరు వాడనని, పనివేళల్లో కథలు రాయనని నిస్సంకోచంగా రాసివ్వొచ్చు. ఇవి న్యాయమైన కోరికలే. కాని "ముందస్తు అనుమతి లేకుండా ఏ రచననూ" అన్న మాట మాత్రం ఒప్పుకోవద్దు. ఆ ఒక్క మాటతో మీ కథే కాదు, మీ పరిశోధన పత్రాలు కూడా వాళ్ల చేతిలోకి పోతాయి. ఈ సంగతి మీ గైడ్‌గారికీ చెప్పండి, దాంతో ఇది ఆయన సమస్య కూడా అవుతుంది. వాళ్లు మీ కాగితం తీసుకుంటే సగం గొడవ అక్కడితో తీరుతుంది. చాలాచోట్ల తీరుతుంది కూడా. ఎందుకంటే ఇలాంటి కాగితాలు ఎక్కువగా ఒకరి కోపంలోంచి పుడతాయి, ఆ కోపానికి మర్యాదగా దిగే మెట్టు చూపిస్తే దిగుతుంది.

తీసుకోకపోతే? అప్పుడు మీరు, మీ వారు ముందే అనుకున్న గీత దగ్గరికి వచ్చినట్టు. ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోవడం కూడా నిలబడటమే. డేవిస్ లాస్ ఏంజిలిస్ ఉద్యోగం విషయంలో చేసింది అదే. సంతకం పెట్టక తప్పని పరిస్థితే వస్తే, నేను మిమ్మల్ని తప్పు పట్టను. బయటి కుర్చీలో కూర్చుని ఇంకొకరి జీతాన్ని పణంగా పెట్టమనడం తేలిక. అలా జరిగితే సంతకం కింద "ఉద్యోగ భద్రత దృష్ట్యా, నా అభ్యంతరాన్ని నమోదు చేస్తూ" అని రాసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. కథలు రాయడం మాత్రం ఆపకండి. ప్రచురణ ఆగినా రాయడం ఆగకూడదు.

మీ స్టాఫ్‌రూమ్ గురించి ఇందాక అన్నాను కదా. ఆ కాగితం మీ ఒక్కరికే ఇచ్చారా, ఇంకెవరికైనా ఇచ్చారా తెలుసుకోండి. కవిత్వం రాసే ఇంగ్లీషు మాస్టారు ఉండొచ్చు, పత్రికలకు వ్యాసాలు పంపే ఫిజిక్స్ మేడమ్ ఉండొచ్చు. ఈ షరతు ఇవాళ మీకు, రేపు వాళ్లకు. నలుగురు కలిసి ఒకే మర్యాదైన ఉత్తరం ఇస్తే దాని బరువు వేరు. ఎవరైనా "నాకెందుకమ్మా" అంటే కోపం తెచ్చుకోకండి, కానీ ఎవరు అన్నారో, ఎవరు అనలేదో మనసులో ఉంచుకోండి. మిషిగన్‌లో అధ్యాపకుల సెనేట్ 1990లో, అంటే 36 ఏళ్ల తర్వాత, జరిగినదానికి విచారం తెలిపి, డేవిస్, మార్కర్ట్, నికర్సన్ పేర్లతో విద్యాస్వేచ్ఛ మీద ఏటా ఒక ఉపన్యాసం ఏర్పాటు చేసింది. మంచిపనే. కానీ 1954లో అదే సహోద్యోగులు గట్టిగా నిలబడి ఉంటే ఆ ఉపన్యాసం అవసరమే ఉండేది కాదు.

చివరగా మీ గైడ్‌గారి సంగతి. "డేవిస్‌లా నిలబడు" అన్నారు. చాలా పెద్ద మాట. మీరు ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, మా ప్రిన్సిపాల్‌గారికి మీ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాసిస్తారా? పరిశోధక విద్యార్థికి ప్రచురణలో ఇలాంటి ఆంక్షలు తగవని మీ పేరుతో, సంతకంతో చెబుతారా?" అని అడగండి. ఆయన ఇస్తే ఆ ఉత్తరాన్ని మీ కాగితానికి జతచేసి ఇవ్వండి. ఇవ్వకపోతే, ఇకపై ఈ విషయంలో ఆయన సలహా అడగకండి, గణితం వరకు ఉంచండి. ఏం జరిగిందో నాకు రాయండి.